నేరం పరుపుదే

ఎవరు ఎక్కడ ఓడిపోయినా, ఆ ఓటమికి వాళ్లు తప్ప ఇంకేదో కారణమని నిమిషంలో తేల్చెయ్యడం మా బుడాన్ గారి అలవాటు. కొందరికి పొడుం అలవాటు ఉంటుంది, కొందరికి పొద్దున్నే పేపరు పక్కింటికి వినపడేలా చదివే అలవాటు ఉంటుంది. ఈయనకి సాకులు చెప్పే అలవాటు. అది కూడా తన కోసం కాదు, ఊళ్లోవాళ్ల కోసం. అందుకని ప్రత్తిపాడులో ఆయన్ని సాకుల బుడాన్ అంటారు. చాటుగా అనరు, ఎదురుగానే అంటారు. ఆయన పలుకుతారు కూడా.

బస్టాండు దగ్గర ఆయనది పరుపుల కొట్టు. దాని పక్కనే నాది పురుగుమందుల కొట్టు. నా పేరు త్రినాథ్. పద్దెనిమిదేళ్లుగా ఆయన మిషను ఏకిన దూది నా కొట్లోకి ఎగిరొస్తోంది, నా మందుల వాసన ఆయన కొట్లోకి వెళ్తోంది. ఆ లెక్కన నేను తెల్లగా అయ్యాను, ఆయన దిండ్లకి నల్లులు పట్టడం మానేశాయి. ఇద్దరం సుఖంగానే ఉన్నాం.

పదకొండేళ్ల కిందట ఊళ్లో పిల్లలందరికీ సెల్‌ఫోన్లు చూసి చూసి మెడలు వంగిపోతున్నాయని బుడాన్ గారికి బెంగ పట్టుకుంది. మెడలకి దిండ్లు కుట్టి ఇస్తే సరిపోతుందని నేనన్నాను. ఆయన వినలేదు. 'యువ క్రీడా చేయూత సంఘం' అని ఒక బోర్డు రాయించి, తన కొట్టుకే తగిలించి, తను అధ్యక్షుడై, నన్ను కార్యదర్శిని చేశారు. మూడో మనిషి లక్ష్మీదుర్గ గారు. హైస్కూల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు డ్రిల్లు టీచరు చేసి రిటైరయ్యారు. మెళ్లో ఈల ఇప్పటికీ తియ్యలేదు. కూరగాయల బండివాడు తూకంలో చెయ్యి పెడితే ఈల ఊదుతారు.

సంఘం సమావేశాలు బుడాన్ గారి కొట్లోనే జరుగుతాయి. అక్కడ కుర్చీలు లేవు, పరుపులే ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురం మూడు కొత్త పరుపుల మీద కూర్చుంటాం. మొదటి అంశం చదివేసరికి నేను జారగిలబడతాను. రెండో అంశానికి బుడాన్ గారు గురక పెడతారు. మూడో అంశం లక్ష్మీదుర్గ గారొక్కరే చర్చించి, ఒక్కరే ఆమోదించి, ఈల ఊది మమ్మల్ని లేపుతారు. పదకొండేళ్లలో మా సంఘం తీసుకున్న మంచి నిర్ణయాలన్నీ అలా తీసుకున్నవే.

పిల్లలు మాత్రం వచ్చారు. కబడ్డీకి వచ్చారు, ఖోఖోకి వచ్చారు, పరుగులకి వచ్చారు. ఓడిపోవడం కూడా మొదలుపెట్టారు. అక్కడినుంచే బుడాన్ గారి అసలు ప్రతిభ బయటపడింది.

మొదటి ఏడు చిలకలూరిపేట కుర్రాళ్ల చేతిలో మా కబడ్డీ జట్టు నలభై రెండుకి ఏడు పాయింట్లతో ఓడింది. తిరుగు బస్సులో పిల్లలు తలలు వంచుకుని కూర్చున్నారు. బుడాన్ గారు లేచి నిలబడి, పైన కమ్మీ పట్టుకుని, తీర్పు చెప్పారు. అవతలివాళ్లలో సగంమంది ఇళ్లల్లో స్పిన్నింగు మిల్లు పనివాళ్లే. వాళ్ల ఒంటి మీద ఎప్పుడూ నూగు ఉంటుంది. పట్టుకుంటే జారిపోతారు. ఇందులో మన కుర్రాళ్ల పట్టు తప్పేముంది? పిల్లలు తలలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు. బస్సు యడవల్లి దాటేసరికి అవతలి జట్టువాళ్లు ఎంత జారుగా ఉన్నారో కథలు కథలుగా చెప్పుకుంటున్నారు.

మరుసటేడు చీమకుర్తిలో పరుగు పందెం. మావాడు అందరికన్నా వెనక వచ్చాడు. వాడి వెనక స్టార్టరు ఒక్కడే ఉన్నాడు. బుడాన్ గారు గ్రౌండు పక్క రోడ్డు చూపించారు. గ్రానైటు లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. "మనవాడు పద్ధతిగా పెరిగిన పిల్లాడు. వెనక హారన్ వినపడితే పక్కకి తప్పుకుని దారిస్తాడు. ఎన్నిసార్లు ఇచ్చాడో నేను చూశాను" అన్నారు. ఆ కుర్రాడి అమ్మ ఆ మాట విని, కొడుకు పెంపకానికి మురిసిపోయి, అందరికీ మరమరాలు పంచింది.

వాలీబాల్ ఓడినప్పుడు ఎండ కళ్లల్లో పడిందన్నారు. ఆ రోజు మబ్బు పట్టి ఉందని లక్ష్మీదుర్గ గారు గుర్తు చేశారు. అదేనండీ సంగతి, మన పిల్లలు ఎండలో ఆడి ఆడి ఎండకి అలవాటుపడ్డారు, నీడలో బంతి కనిపించలేదు అన్నారు. త్రోబాల్ ఓడినప్పుడు పక్కనే ఆరబోసిన మిరపకాయల ఘాటుకి మన ఆడపిల్లలు తుమ్ముతున్నారన్నారు. అవతలివాళ్లు కూడా అదే ఘాటులో ఆడారు కదా అని నేనడిగాను. "వాళ్లది తేజ రకం వేసే ఊరు త్రినాథూ. ఉగ్గుపాలతోనే అలవాటు" అన్నారు.

లక్ష్మీదుర్గ గారికి ఇది గిట్టేది కాదు. ఆవిడ లెక్కలో ఓడిపోయామంటే ఓడిపోయామనే. ఎందుకు ఓడిపోయామో కనుక్కుని, మర్నాడు పొద్దున్నే ఐదింటికి వచ్చి అది సరిదిద్దుకోవాలి. మీరు పిల్లల్ని పాడుచేస్తున్నారండీ అని ఆవిడ ఈలతో పొడిచేవారు. బుడాన్ గారు తల ఊపి ఒప్పుకునేవారు. పిల్లలు మాత్రం ఓడిన రోజు సాయంత్రం బుడాన్ గారి కొట్టుకొచ్చి సాకు విని, పొద్దున ఐదింటికి లక్ష్మీదుర్గ గారి ఈలకి లేచి వెళ్లేవారు. ఇది ఏ సంఘం నియమావళిలోనూ లేదు గానీ, అలాగే నడిచింది.

ఈ పేరు ఆటలు దాటి ఊళ్లోకి పాకింది. జనం కొట్టుకొచ్చి ఒక సాకు కావాలి బుడాన్ గారూ అని అడగడం మొదలుపెట్టారు. ఆయన పరుపు సింగిలా డబులా అని అడిగినంత మామూలుగా, ఎవరికి చెప్పాలి, భార్యకా, వియ్యంకుడికా, తాసీల్దారుకా అని అడిగేవారు. దానికి తగ్గ సైజులో సాకు కత్తిరించి ఇచ్చేవారు. నేను మా బావమరిది గృహప్రవేశం మర్చిపోయాను. మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. బుడాన్ గారు ఇచ్చిన సాకుతో ఇంటికెళ్తే, నాలుగో రోజు మా ఆవిడే మా బావమరిదిని కోప్పడింది. ఆ సాకు ఏమిటో ఇక్కడ రాయను. మళ్లీ అవసరం పడొచ్చు.

చిత్రమేమిటంటే తన కోసం ఆయన ఒక్క సాకు కూడా వాడుకునేవారు కాదు. దిండు ఇవ్వడం ఆలస్యమైతే, ఆలస్యం చేశాను, తప్పు నాదే అనేసేవారు. ఎదుటివాడికి తిట్టడానికి ఏమీ మిగిలేది కాదు.

ఇంకొకటి, తన పరుపు మీద ఈగను వాలనిచ్చేవారు కాదు. ఆయన తాత విల్లుతో దూది ఏకాడు, తండ్రి విల్లుతో ఏకాడు, ఈయన మిషను పెట్టారు. మూడు తరాల్లో మా పరుపు ముద్ద కట్టిందన్న మాట రాలేదని ఆయన గొప్ప. కొనడానికి వచ్చినవాళ్లని పడుకుని చూడమనేవారు. మిరప రైతు బాపయ్య ఒకసారి అలా పన్నెండింటికి పడుకుని ఐదింటికి లేచాడు. ఈలోగా వాళ్లింట్లోవాళ్లు మూడు బావులు వెతికారు. బుడాన్ గారు ఆ కథ వచ్చిన ప్రతివాడికీ చెప్పి, పరుపు అంటే అదీ అనేవారు. బాపయ్య కూడా ఆ పరుపు కొనుక్కుని, కథలో ప్రతిసారీ ఒక గంట పెంచుకుంటూ పోయాడు.

ఇలా ఉండగా మెహర్ వచ్చింది.

మెహర్ ఖలీల్ కూతురు. ఖలీల్ చిలకలూరిపేట మిల్లులకి పత్తి బేళ్లు తోలే లారీ డ్రైవరు. ఒక రోజు ఆ పిల్ల వాళ్ల నాయనమ్మ దిండ్లు తీసుకెళ్లడానికి కొట్టుకొచ్చింది. గుమ్మానికి అడ్డంగా బుడాన్ గారు చుట్టిపెట్టిన పరుపులు రెండు, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పిల్ల చంకకో దిండు పెట్టుకుని, కాలు తగలకుండా ఆ పరుపుల మీదుగా దూకి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. బుడాన్ గారు సూది పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉంచి, లక్ష్మీదుర్గ గారికి ఫోన్ చెయ్యమని నాకు కళ్లతో సైగ చేశారు.

హైజంప్ నేర్పడానికి మాకు కర్ర ఉంది, స్టాండ్లు ఉన్నాయి, పడటానికి ఏమీ లేదు. బుడాన్ గారు నాలుగు రోజులు వేరే పని ముట్టుకోలేదు. మంచం కన్నా రెండింతల వెడల్పు, నడుమెత్తు మందం ఉన్న పరుపు ఒకటి కుట్టారు. దాన్ని గ్రౌండుకి మొయ్యడానికి పన్నెండుమంది పట్టారు. మెహర్ దాని మీద పడిన మొదటిసారి లేవడానికి ఇష్టపడలేదు. లక్ష్మీదుర్గ గారు ఈల ఊదితే గానీ లేవలేదు.

పిల్ల మామూలుగా దూకితే మీటరూ ఇరవై సెంటీమీటర్లు దాటేది. పోటీలో మాత్రం దాటేది కాదు. జనం చుట్టూ ఉంటే కాళ్లు తడబడి కర్ర పడగొట్టేది. మూడు పోటీలకి వెళ్లింది, మూడుసార్లూ కర్ర పడింది. మూడుసార్లకీ బుడాన్ గారు మూడు సాకులు ఇచ్చారు. స్టాండు వంకరగా ఉందన్నారు. కర్రకి ఎవరో కొత్తగా రంగు వేశారు, బరువు పెరిగిందన్నారు. మూడోసారి అక్కడి కొలతటేపు మీద అనుమానం వ్యక్తం చేశారు.

మా ఊళ్లో నాలుగో పోటీ పెట్టడానికి వారం ముందు ఖలీల్ కొట్టుకొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"మామా, మెహర్‌ని క్లాసులో పిల్లలు కర్రా కర్రా అని పిలుస్తున్నారంట. పోటీ నుంచి వచ్చిన రోజు అన్నం ముట్టదు. నేను లారీ దిగి ఇంటికొస్తే గోడ వైపు తిరిగి పడుకుంటుంది. నేను చూడలేకపోతున్నాను. ఈసారి నేనే వచ్చి చూస్తాను. ఈసారి కూడా అంతే అయితే తనకి చేతకాదని ఒప్పేసుకుందాం. జూన్‌లో గుంటూరు హాస్టల్లో వేసేస్తాను, చదువుకుంటుంది."

ఆ హాస్టలు నాకు తెలుసు. దానికి గ్రౌండు లేదు. డాబా మీద బట్టలారేసుకునే తీగలు మాత్రం ఉన్నాయి. బుడాన్ గారు సాకు చెబుతారేమోనని చూశాను. ఖలీల్ చెప్పినదాంట్లో తప్పు లేదు, అతను కోపంగా కూడా లేడు. ఆయన సరేనని తల ఊపారు. వెనక మెహర్ గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటోంది.

పోటీ జనవరి ఆఖర్లో వచ్చింది. ఆ రోజుల్లో మా వైపు నాలుగడుగుల ఖాళీ నేల ఉంటే చాలు, ఎవరో ఒకరు మిరపకాయలు ఆరబోస్తారు. హైస్కూలు గ్రౌండంతా బాపయ్య కాయలే. బుడాన్ గారు రెండు రోజులు బతిమాలితే సగం గ్రౌండు ఖాళీ చేసి, మిగతా సగం పక్కన తను కర్ర పట్టుకుని కాపలా నిలబడ్డాడు. వంద మీటర్ల పరుగు డెబ్బై మీటర్ల దగ్గర మిరపకాయలు వచ్చి ఆగిపోయింది. మొదట వచ్చిన కుర్రాడు ఆపుకోలేక కాయల్లోకి వెళ్లిపోతే, బాపయ్య వాడిని మిగతా ముప్పై మీటర్లూ తరిమి పూర్తి చేయించాడు. లక్ష్మీదుర్గ గారు ఆ పరుగు చెల్లుతుందని ప్రకటించారు.

తర్వాత హైజంప్. ఐదుగురు పిల్లలు. మెహర్ మీటరూ ఐదు దాటింది, మీటరూ పది దాటింది. ఖలీల్ చేతులు కట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు. మీటరూ పదిహేను పెట్టారు. మొదటిసారి కర్ర పడింది. రెండోసారి పడింది. మూడోసారి ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి, కర్ర దగ్గర కాళ్లు తడబడి, కర్రనీ తననీ కలిపి పరుపు మీద పడేసుకుంది. లేవలేదు. మొహం పరుపులో పెట్టేసుకుంది.

జనం బుడాన్ గారి వైపు తిరిగారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, మేం కొందరం సాకు ఏమిటని టీ పందెం వేసుకున్నాం. గాలి అని ఒకడు, ఎండ అని ఒకడు. నేను మిరపకాయల ఘాటు మీద కాశాను. కానీ ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. ఎండ లేదు. కాయలు దూరంగా ఉన్నాయి, ఎవరూ తుమ్మలేదు. కొలిచింది లక్ష్మీదుర్గ గారు, ఆవిడ టేపుని అనుమానించే మగాడు ఈ జిల్లాలో లేడు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి బుడాన్ గారు నోరు తెరిచి, మాట రాక, మళ్లీ మూసుకోవడం చూశాను.

ఆయన మెల్లగా వెళ్లి, మెహర్ పక్కన పరుపుని అరచేత్తో రెండుసార్లు నొక్కారు. తర్వాత అందరికీ వినపడేలా అన్నారు.

"ఖలీలూ, నేరం పిల్లది కాదు. పరుపుది. మంచి దూది వెయ్యలేదు నేను, మిల్లు వేస్టు వేసి కుట్టాను. మధ్యలో ముద్దలు కట్టింది. రెండుసార్లు దీని మీద పడ్డ పిల్ల మూడోసారి ఏం ఎగురుతుంది? నడుం విరుగుతుందని భయపడింది."

మిగతా పిల్లలు కూడా దీనిమీదే పడ్డారు కదా అని ఎవడో గొణిగాడు. వాళ్లు పక్కకి పడ్డారు అన్నారు బుడాన్ గారు. లక్ష్మీదుర్గ గారు ఏదో అనబోయి ఈల నోట్లో పెట్టుకున్నారు, ఊదకుండానే వదిలేశారు. ఆవిడ ఈల ఊదకుండా వదిలెయ్యడం అదే మొదలు.

ఖలీల్ వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. పరుపుని ఆ చివర నుంచి ఈ చివర దాకా నిదానంగా నొక్కుకుంటూ వచ్చాడు. బుడాన్ గారి మొహంలోకి కాసేపు చూశాడు.

"అవును మామా. ముద్దలు కట్టింది" అన్నాడు. కూతురి భుజం పట్టుకుని లేపాడు. "సరే, ఇంకో ఏడు చూద్దాం" అన్నాడు.

మర్నాడు పొద్దున బుడాన్ గారి కొట్టు ముందు వరస కట్టారు. మిల్లు వేస్టుతో కుడుతున్నాడట అన్న మాట ఊరంతా పాకింది. నెత్తి మీద పరుపులు, సైకిళ్ల మీద పరుపులు, ఆటోల్లో దిండ్లు. వరసలో మొదటి మనిషిని నేనే. గోడ అవతలే కదా, తొందరగా చేరుకున్నాను. అంతకు ముందు రోజు దాకా ఆయన కుట్టిన పరుపు మీద హాయిగా పడుకున్నవాణ్ని, ఆ రోజు పొద్దున నాక్కూడా ఎక్కడో ముద్ద గుచ్చుకున్నట్టే అనిపించింది. బాపయ్య తన పరుపుని ట్రాక్టరెక్కించి తెచ్చాడు. ఐదు గంటలు నిద్రపోయిన అదే పరుపు. అప్పుడు పట్టింది నిద్ర కాదు, మగతేమోనని ఇప్పుడు అనుమానంగా ఉందన్నాడు. మనవరాలి పెళ్లికి చెప్పిన రెండు డబుల్ పరుపులు, ఆరు దిండ్లు వద్దన్నాడు.

బుడాన్ గారు ఒక్కరికీ ఎదురు చెప్పలేదు. తప్పు నాదే, విప్పి మళ్లీ ఏకి ఇస్తాను, పైసా వద్దు అన్నారు. నెల రోజులు మిషను ఆగలేదు. నా కొట్లో పురుగుమందు డబ్బాలు మంచు పడ్డట్టు అయ్యాయి. ఆయన భార్య గుల్జార్ బేగం గారు మా ఆవిడ దగ్గర కూర్చుని ఆశ్చర్యపోయారు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో తను కూరలో ఉప్పెక్కువేస్తే, ఈ మధ్య సముద్రం ఊరికి దగ్గరపడిందని ఊరుకున్న మనిషట. తన పరుపుని మాత్రం పిల్లిని కూడా తొక్కనివ్వలేదట. ఆ మనిషి నలుగురిలో ఇలా అన్నాడంటే ఒంట్లో బాగాలేదేమోనని ఆవిడ బెంగ.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన టీకి వెళ్లినప్పుడు నేను కొట్లోకి వెళ్లాను. హైజంప్ పరుపు గోడకి ఆనించి ఉంది. అన్ని పరుపులూ విప్పుతున్న మనిషి, ఆ ఒక్కదాన్నీ విప్పలేదు. నాకు మనసు ఆగలేదు. కత్తెర తీసుకుని ఒక మూల కుట్టు కోశాను.

పత్తి పండే ఊళ్లో పుట్టాను, పత్తికి మందులమ్మి బతుకుతున్నాను. నాకు దూది తెలుసు. లోపల పొడుగు పింజ పత్తి, మొదటి రకం. ఆకు నుసి లేదు, గింజ ముక్క లేదు. ముద్ద కోసం మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాను. మా ఇంట్లో కూడా అంత మంచి పరుపు లేదు.

బుడాన్ గారు వచ్చేసరికి నా చెయ్యి ఇంకా పరుపులోనే ఉంది.

"ఇదేమిటి బుడాన్ గారూ?"

"దూది."

"మరి ముద్దలేవి?"

ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశారు. కిటికీ వైపు చూశారు. "కరిగిపోయాయేమో" అన్నారు. అది ఆయన చెప్పిన వాటిల్లోకెల్లా నాసిరకం సాకు. ఆయనకే నవ్వొచ్చింది. నాకు రాలేదు. కొట్టు మునిగిపోతోంది, మూడు తరాల పేరు పోయింది, ఎందుకిలా చేశారని గట్టిగానే అడిగాను.

"కూర్చో త్రినాథూ" అన్నారు. కూర్చున్నాను. ఆయన దబ్బనంలో దారం ఎక్కించుకుని నేను కోసిన మూల కుట్టడం మొదలుపెట్టారు. "పరుపు బాగాలేదన్నారనుకో, విప్పి మళ్లీ ఏకుతాను. నెల పడుతుంది, రెండు నెలలు పడుతుంది. పదమూడేళ్ల పిల్లకి నీకు చేతకాదని తండ్రి నోటితో ఒకసారి చెప్పించామనుకో, దాన్ని ఎవరు విప్పి ఏకుతారు? నాకు ఆ పని రాదు."

పక్క కొట్టువాణ్నే కదా అని ఆయన నా పరుపుని చివరికి నెట్టారు. నేను లేచి, దాన్ని నెత్తి మీద పెట్టుకుని, విప్పకుండానే ఇంటికి మోసుకెళ్లాను. మా ఆవిడ ఏమైందని అడిగింది. ముద్దలు కరిగిపోయాయన్నాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఏడాదిపాటు నిలబెట్టుకున్నాను. అది నా జీవితంలో నేను చేసిన పెద్ద వ్యాయామం. మెహర్ మాత్రం ఏడాదంతా పొద్దున ఐదింటికి గ్రౌండులో ఉంది. జనం ఉంటే భయపడుతోందని లక్ష్మీదుర్గ గారు రోజూ బస్టాండులో బస్సు కోసం నిలబడ్డవాళ్లని ఈల ఊది పిలిచి తెచ్చి చుట్టూ నిలబెట్టేవారు. ఎంతమందికి బస్సులు తప్పాయో లెక్కలేదు. వాళ్లందరికీ బుడాన్ గారే సాకులిచ్చి పంపారు.

ఆ మరుసటేడు పోటీలు ఒంగోలు వైపు ఒక ఊళ్లో జరిగాయి. బాపయ్య మిరపకాయల మినీ లారీలో వెళ్లాం. తుమ్ముకుంటూ దిగాం. అక్కడ పెట్టింది స్పాంజి పరుపు, నీలం రంగు. బుడాన్ గారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో పొడిచి, వేలు చొక్కాకి తుడుచుకున్నారు.

మెహర్ మీటరూ పదిహేను దాటింది. ఇరవై దాటింది. ఇరవై ఐదుకి ఒకసారి కర్ర పడింది. ఖలీల్ నా చెయ్యి పట్టుకున్నాడు, నా ఎముకలు లెక్కపెట్టుకున్నాను. రెండోసారి దాటింది. అక్కడికి మిగిలింది ఇద్దరే. ముప్పై పెట్టారు. అవతలి పిల్ల మూడుసార్లూ పడగొట్టింది. మెహర్ నిలబడి జనాన్ని ఒకసారి చుట్టూ చూసింది, మా బస్టాండు జనాన్ని చూసినట్టే. పరుగెత్తింది. కర్ర కదల్లేదు.

గోల సద్దుమణిగాక మావాళ్లందరూ అలవాటుకొద్దీ బుడాన్ గారి వైపు తిరిగారు. ఓటమికి నూరు కారణాలు చెప్పిన మనిషి, గెలుపుకి ఏం చెబుతాడోనని. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"కారణమా? ఏముంది, పిల్ల ఎగిరింది" అన్నారు.

పతకం మెళ్లో వేసుకుని మెహర్ వచ్చి వాళ్ల నాన్న ముందు నిలబడింది. ఏడాదిగా దాచుకున్నట్టుంది, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

"నాన్నా, ఆ రోజు తాత పరుపు బాగానే ఉంది. దాని మీద పడింది నేను కదా, నాకు తెలియదా? ఒక్క ముద్ద కూడా లేదు. ఆ రోజు నాకే చేతకాలేదు. ఇప్పుడు చేతనైంది."

బుడాన్ గారు కంగారుపడిపోయారు. లేదమ్మా, ముద్దలున్నాయి, నేను కుట్టాను నాకు తెలుసు అన్నారు. లేవు తాతా అంది. ఉన్నాయమ్మా అన్నారు. మెహర్ నడుం మీద చేతులు పెట్టుకుంది. ఇద్దరూ పట్టు వదల్లేదు. చివరికి లక్ష్మీదుర్గ గారు ఈల ఊది, లేవు అని తీర్పిచ్చారు. ఆవిడకి ఆ రోజే తెలుసట.

ఖలీల్ నవ్వాడు. "మామా, ఇరవై ఏళ్ల నుంచి పత్తి బేళ్లు తోలుతున్నాను. వేస్టేదో, మంచి దూదేదో చేత్తో ముట్టుకుంటే తెలియదా? ఆ రోజు నేను కూడా సాకు కోసమే చూస్తున్నాను. నువ్విచ్చావు, తీసుకున్నాను."

ఇన్నాళ్లూ నేనొక్కణ్నే ఈ రహస్యం మోస్తున్నాననుకుని బక్కచిక్కాను. చూడబోతే అందరికీ తెలుసు. అందరికీ కాదు. మినీ లారీ తలుపు పట్టుకుని నిలబడ్డ బాపయ్య మొహం మెల్లగా మిరపపండు రంగులోకి తిరిగింది.

"ఒరేయ్ బుడానూ, అయితే నా పరుపు కూడా బాగానే ఉందా? మంచి పరుపుని నేనే ట్రాక్టరెక్కించి తెచ్చి, నేనే విప్పించి, పెళ్లికి నేనే వేరే ఊరు పోయి కొనుక్కొచ్చానా? వాటి మీద మా మనవరాలికి నడుం పట్టేసిందిరా. మరి నాకెందుకు అర్థం కాలేదురా?"

బుడాన్ గారు దగ్గరికి వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"అందులో నీ తప్పేం లేదు బాపయ్యా. ఆ రోజు గ్రౌండులో గాలి ఎంత ఉంది? నా మాటలు సగం అటు కొట్టుకుపోయాయి."

బాపయ్య కాసేపు ఆలోచించాడు. నిజమే, ఆ రోజు గాలి బాగా ఎక్కువగానే ఉందన్నాడు. అక్కడే రెండు డబుల్ పరుపులు, ఆరు దిండ్లు చెప్పేశాడు. గాలి సంగతి నేను కూడా గట్టిగా బలపరిచాను. ఆ వరసలో మొదట నిలబడింది నేనే కదా.